మందును షర్బత్ అన్నందుకు

కంపౌండర్ అంటే సీసాల్లో రంగునీళ్ళు పోసేవాడని మా బావమరిది నా మొహం మీదే అనేవాడు. నేను కాదనలేదు. ఎవరితోనైనా వాదించే ఓపిక నౌకరీలో చేరిన కొత్తలోనే అయిపోయింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మందు కలపడం ఈ పనిలో తేలిక భాగం. కలిపిన మందు పిల్లల గొంతు దిగాలి, అదీ అసలు పని. దాన్ని నాకు ఏ పరీక్షలోనూ ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా తమ్ముని మనవరాలు కరీంనగర్‌లో ఒక దవాఖానలో మందులిచ్చే పనిలో చేరింది. మొన్న వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"తాతా, పోరగాండ్లకు మందు ఎట్ల తాపుదురు మీరు? నేనైతే పరేషాన్ అయితున్న. ఒకడు చెంచ గుంజి పారేస్తడు, ఒకతి నా మీదనే ఉమ్ముతది. జర ఉపాయం చెప్పు, ఒక్క ముక్కల."

ఒక్క ముక్కలో చెప్పగలిగేదైతే నేను ఇంతగా అలిసిపోయేవాణ్ణి కాదు. అందుకే రాసిస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీ కాగితాలు, పింఛను కోసం తిరిగిన తిరుగుళ్ళు ఇందులో ఉండవు. వాటితో ఎవరికీ పనిలేదు, నాకు కూడా.

కుస్తీ

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు నిర్మల్ వైపు ఒక దవాఖానలో చేరాను. వానలు వెనకబట్టగానే ఆ ప్రాంతమంతా చలిజ్వరాలు. వరండా నిండా గొంగళ్ళు కప్పుకొని వణికే జనం. మందు క్వినైన్. పొద్దున మింగితే రాత్రి తిన్న అన్నం కూడా చేదుగానే ఉండేది. పెద్దవాళ్ళే కళ్ళు గట్టిగా మూసుకుని మింగేవాళ్ళు. ఇక పిల్లల సంగతి చెప్పాలా?

మా పద్ధతి ఏమిటంటే, ఇళ్ళల్లో ముసలమ్మలు పసివాళ్ళకు ఆముదం తాపే పద్ధతే. కాళ్ళు చాపుకుని, పిల్లను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఊపిరి కోసం నోరు తెరవగానే పోసేయడం. దవాఖానలో ముసలమ్మ కాళ్ళకు బదులు బల్ల, ఆమె చేతులకు బదులు చప్రాసీ. ఆ ఏడుపులు సడక్ దాకా వినిపించేవి. ఊళ్ళో తల్లులు పిల్లలను బెదిరించడానికి బూచివాణ్ణి మానేసి నా పేరు చెప్పేవాళ్ళు. బజార్లో నేను ఎదురైతే పిల్లలు సందుల్లో దూరేవాళ్ళు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. అదేమంత మర్యాదగా అనిపించేది కాదు.

బొమ్మ చూపించి మరిపించవచ్చు గదా అని మీరనవచ్చు. నిర్మల్‌లో అదీ కుదరదు. కొయ్యబొమ్మలు చేసే ఇంటి పిల్లవాడికి ఒకసారి కొయ్యచిలక చూపించాను. వాడు అంత జ్వరంలోనూ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దీని ముక్కుకు రంగు సక్కగ వెయ్యలే" అని నా చేతిలో పెట్టి నోరు బిగించాడు.

మా పెద్ద డాక్టరు నిజాం కాలపు మనిషి. ఉర్దూలో చదువుకున్నవాడు, ముక్కుమీద కోపం. ఒకరోజు ఒక పిల్లకు అలాగే ముక్కు మూసి పోస్తుంటే మందు ఊపిరిలోకి పోయింది. మొహం నీలమైంది. డాక్టరు పరుగున వచ్చి పిల్లను బోర్లా తిప్పి వీపు చరిచాడు. కాసేపటికి దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు. అంతవరకూ నేను విసుక్కున్న ఆ ఏడుపే ఆరోజు చెవులకు హాయిగా వినిపించింది. మమ్మల్ని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బచ్చోంసే కుస్తీ నక్కో" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. పిల్లలతో కుస్తీ వద్దు.

అది మొదటి పాఠం. పడుకోబెట్టి పోయకండి. ముక్కు మూయకండి. ఏడుస్తున్న నోట్లో అసలే పోయకండి. కూర్చోబెట్టి, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయండి. ఆలస్యమవుతోందని బయట ఎంతమంది తిడుతూ నిలబడ్డా సరే.

పాలల్లో చేదు

కుస్తీ వద్దన్నాక మిగిలింది మోసం. అందులో తల్లులు మాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు.

ఒకామె కొడుక్కి బర్రెపాలంటే ప్రాణం. ఆమె క్వినైన్ తీసుకుపోయి ఆ పాలల్లోనే కలిపింది. వాడు మొదట గుర్తించక సగం తాగాడు, తర్వాత గిన్నె తోసేశాడు. అట్లా నాలుగు పూటలు జరిగింది. జ్వరం తగ్గింది. ఆమె మళ్ళీ దవాఖానకు వస్తే దండం పెట్టడానికి వచ్చిందనుకున్నాను.

"సాబ్, జరమైతే పోయింది గని పాలు బంద్ జేసిండు. ఉత్త పాలు పోసినా మొఖం తిప్పుకుంటుండు. గా పాలే వానికి బువ్వ. ఇప్పుడు నేనేం పెట్టాలె?"

జ్వరంతో చిక్కి సగమైన పిల్లవాడు, తిరిగి ఒళ్ళు చేయాల్సిన రోజుల్లో పాలకు దూరమయ్యాడు. వాడు అంబలికి అలవాటు పడేదాకా ఆ తల్లి పడిన యాతన నేను చూశాను. అప్పటినుంచి ప్రతి తల్లికీ చెబుతూ వచ్చాను, పిల్ల ఇష్టంగా తినేదాంట్లో మందు కలపొద్దని. మందు నాలుగు పూటలుంటుంది, బువ్వ రోజూ కావాలి. చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. విన్నవాళ్ళు విన్నారు.

షర్బత్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు నన్ను హుజూరాబాద్ వైపు ఒక చిన్న దవాఖానకు వేశారు. డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి, నాకంటే చిన్నవాడు. ఆయన భాషకు జనం నవ్వేవాళ్ళు, వాళ్ళ భాషకు ఆయన బిత్తరపోయేవారు. కానీ మనసు మంచిది. పిల్లలు ఏడిస్తే ఆయనకు చెయ్యి ఆడేది కాదు.

ఆ ఊళ్ళల్లో రక్తం తక్కువైన పిల్లలు చాలామంది. వాళ్ళకు ఇనుము మందు ఇచ్చేవాళ్ళం. అందులో చక్కెర పాకం ఎక్కువ పోసి, నారింజ వాసన వేయమన్నారు డాక్టరుగారు.

"తియ్యగా ఉంటే వాళ్ళే అడిగి తాగుతారండీ. అసలు మందని చెప్పకండి, షర్బతని చెప్పండి" అన్నారు.

నాకూ నచ్చింది. నిజంగానే పిల్లలు తాగారు. చెంచా నాకారు, ఇంకా పొయ్యమన్నారు. మందులిచ్చే కిటికీ దగ్గర ఏడుపులు తగ్గి నా చెవులకు విశ్రాంతి దొరికింది. ఇక ఈ బాధ తీరిందని ఇద్దరం అనుకున్నాం.

ఆ రోజుల్లోనే భూలక్ష్మిని తెచ్చారు. ఆరేళ్ళుంటాయేమో. మగ్గం నేసే ఇల్లు. నాయనమ్మ ఎల్లవ్వ చంకనెత్తుకుని ముందు వచ్చింది, తల్లి రాజవ్వ వెనకాల నిలబడింది. పిల్ల మొహం ఉబ్బి ఉంది. పెదాలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఎగపోస్తుంది. మగ్గం గుంట గోడ గిల్లి మన్ను తింటుందట. డాక్టరుగారు కంటి రెప్ప కిందికి లాగి చూసి, కడుపులో పురుగులకు మందిచ్చి, ఆ తర్వాత రోజూ తాగమని ఇనుము మందు రాశారు.

"ఇంతకుముందు ఒక పిల్లగాడు గిట్లనే తెల్లగై పోయిండు సారూ" అంది ఎల్లవ్వ. "ఇది గూడ పోతె నా కొడుకు ఇగ మగ్గం గుంటల దిగడు. గా ఇల్లు ఇల్లు గాదు."

ఆ రోజుల్లో మందుకు సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఎల్లవ్వ తెచ్చిన సీసాకు గుడ్డపీలిక బిరడా. మందు నింపి, గాట్ల కాగితం అతికించాను. ఇప్పటివాళ్ళకు తెలియదు గనక చెబుతున్నాను. పొడుగాటి కాగితం ముక్కను మడిచి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, సీసాకు నిలువుగా అతికించేవాళ్ళం. పూటకు మందు ఒక గాటు దిగాలి. చదువు రానివాళ్ళకు కూడా లెక్క తప్పదు.

"పూటకొక గాటు, అవ్వా. షర్బతే, ఫికర్ జెయ్యకు" అన్నాను.

వారాలు గడిచాయి. సీసా గాటు తప్పకుండా ఖాళీ అయి వచ్చేది, నేను నింపి ఇచ్చేవాణ్ణి. పిల్ల మాత్రం అట్లాగే ఉంది. పెదాలకు రంగు రాలేదు.

"రోజూ తాగిస్తున్నారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"తాపుతున్నం సారూ. ఒక్కపూట తప్పలే" అంది రాజవ్వ. అబద్ధం చెప్పే మొహం కాదు అది. సీసా కూడా ఆమె మాటనే చెబుతోంది.

వాళ్ళు వెళ్ళాక డాక్టరుగారు చీటీ పక్కకు తోశారు. "మందు పనిచేయటం లేదండీ. లోపల ఇంకేదో జబ్బుంది. బతుకమ్మ పండగ లోపల తేరుకోకపోతే హైదరాబాదు పంపాల్సిందే" అన్నారు. మరుసటిసారి ఆ మాట ఎల్లవ్వకు నేనే చెప్పాను. హైదరాబాద్ అనగానే ఆమె పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. అంతదూరం పోయిన పిల్ల తిరిగి వస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల ఉన్న తీరు చూస్తే నాకూ లేదు.

నల్ల పండ్లు

ఒక సెలవునాడు తువ్వాలల కోసం మగ్గాల వాడకు పోయాను. ఎల్లవ్వ ఇల్లు దారిలోనే. లోపల భూలక్ష్మి నాయిన నేస్తున్న మగ్గం చప్పుడవుతోంది. అరుగు మీద ముగ్గురు పిల్లలు, ఇద్దరు భూలక్ష్మి అన్నలు, ఒకతి చిన్నాయన కూతురు, రాట్నం తిప్పి కండెలు చుడుతున్నారు. భూలక్ష్మి వాళ్ళకు దూరంగా గోడకానుకుని మంచం మీద ఉంది. నేను చిన్నదాని ముక్కు పట్టుకుని ఏదో పరాచికమాడాను. ముగ్గురూ పకపకా నవ్వారు.

ముగ్గురి పండ్లూ నల్లగా ఉన్నాయి.

ఇనుము మందు తాగితే పండ్లు నల్లబడతాయి. అది మా వృత్తిలో అందరికీ తెలిసిందే. మంచం వైపు చూశాను. భూలక్ష్మి కూడా నవ్వుతోంది. ఆ పిల్ల పండ్లు వాళ్ళ పండ్లకంటే ఎక్కువ నల్లగా ఏమీ లేవు.

"అవ్వా, గీ పోరగాండ్ల పండ్లేంది గిట్లున్నయి?" అని ఎల్లవ్వను పిలిచాను.

"షర్బత్ తాగుతున్రు గద" అంది, నూలు సర్దుకుంటూనే.

"అందరా?"

"మరి? ఒక్కదానికి పోసి, మిగిలినోళ్ళను దాని నోరు సూసుకుంట కూసోమందునా?"

ఆమె దాచలేదు. దాచాలని కూడా తోచలేదు. చెంబులో సరిగ్గా ఒక గాటు వంచేది, నలుగురినీ కూర్చోబెట్టి తలా ఒక గుక్క పోసేది. బెల్లం ముక్క ఒక్కటే ఉన్నా గుడ్డ కప్పి కాకెంగిలి చేసి పంచే ఇళ్ళు మావి. పక్క పిల్లలు చూస్తుండగా ఒక్కరికే తీపి పెట్టడం పాపం. చూసే కళ్ళు తినేవాళ్ళ కడుపులో పడతాయని భయం. నేనూ అట్లాగే పెరిగాను, మా అవ్వా అట్లాగే పంచేది. అయినా ఆ క్షణాన నాకు కోపం ఆగలేదు.

"అది మందు అవ్వా! పిల్ల పాణం మీదికొచ్చింది. ఒక్కదానికే ఇయ్యాలె!"

ఎల్లవ్వ నూలు కింద పెట్టింది. "మందంటే ఒక్కదానికే ఇద్దును. మందునెవలడుగుతరు? నువ్వేమంటివి? షర్బతంటివి. షర్బత్ యాడన్న ఒక్కదానికే పోస్తరా? ఇప్పటికే ఒకడు పోయిండు నా ఇంట్ల. ఎవల సూపన్న తగిలి ఇది గూడ పోతదని గజగజ వణుకుతున్న నేను."

చేదును దాచిపెడుతున్నామనుకుని, మేము దాన్ని తిండి చేసి పెట్టాం. తిండి అన్నాక పంచకుండా ఎట్లా ఉంటారు?

రాజవ్వ గడపలో నిలబడి అంతా విన్నది. "గందుకేనా దానికి నెత్తురు పట్టలే?" అని నన్నడిగింది. నేను అవునన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

వరుస

ఇక ఒక్కదానికే పోస్తామని మాటిచ్చారు. నేను డాక్టరుగారికి చెబితే ఆయన తల పట్టుకుని, "షర్బత్ అనమన్నది నేనే కదండీ" అన్నారు. కథ అక్కడ తేలిపోయిందని మేమనుకున్నాం. తేలలేదు.

కొద్దిరోజులకు ఎల్లవ్వ ఒక్కతే వచ్చింది. పిల్లను అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసి మందు పోస్తే నోరు తెరవడం లేదట. బయట చిన్నది తలుపు కొట్టి ఏడుస్తుందట. "వాళ్ళకు పొయ్యకుంటె నేను తాగ" అంటుందట భూలక్ష్మి. రాజవ్వ బలవంతాన పోయబోతే చెంబు తన్నేసింది. అంటే తిరిగి తిరిగి నేను నిర్మల్ బల్ల దగ్గరికే వచ్చాను. ఆ పూట నాకు నౌకరీ మీద, మనుషుల మీద, నా మీద విసుగు పుట్టింది.

"అది ఒక్కతె తాగదు సాబ్" అంది ఎల్లవ్వ. "ఇంకో సీస తెచ్చిన. అండ్ల ఉత్త తీపినీళ్ళు పొయ్యి. గవి వాళ్ళకు, మందు దీనికి. అందరు ఒక్కతాన కూసోని తాగుతరు."

"తీపినీళ్ళు మీ ఇంట్లోనే కలుపుకోవచ్చు కదమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"పిల్లలు గుర్తువడుతరు సారూ. సీస దవాఖానలనే నింపియ్యాలె. కాగితం గూడ అతికియ్యాలె."

డాక్టరుగారు నా వైపు చూశారు. "ఇవ్వండి" అన్నారు. "మందు లేని మందుకు ఏం పేరు రాయాలో మాత్రం నన్నడక్కండి."

చక్కెర పాకం, నీళ్ళు, నారింజ వాసన, రంగు కోసం కాస్త కాల్చిన చక్కెర. అదీ రెండో సీసా. దానికీ గాట్ల కాగితం అతికించాను. కలిసిపోకుండా మందు సీసా మెడకు ఎల్లవ్వ తన కొంగు ముడిలోంచి ఎర్ర నూలుపోగు తీసి కట్టింది. ఇక షర్బత్ అనొద్దని, రెంటినీ మందనే చెప్పమని నేను గట్టిగా చెప్పాను.

నమ్మకం లేక మరునాడు నేనే చూడబోయాను. నలుగురూ గోడవారగా వరుసలో కూర్చున్నారు, పంక్తి భోజనానికి కూర్చున్నట్టు. మంచం మీది పిల్లను దింపి నడిమధ్య కూర్చోబెట్టారు. నలుగురి చేతుల్లో నాలుగు గిన్నెలు. ఎల్లవ్వ "ఊఁ" అంది. నలుగురూ ఒక్కసారే ఎత్తి తాగేశారు. ముక్కు మూసింది లేదు, ఏడ్చింది లేదు. భూలక్ష్మి మూతి తుడుచుకుని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచింది. అన్నేళ్ళ నౌకరీలో అట్లాంటిది నేను చూడలేదు. నా కళ్ళు తడిశాయి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మొదట మన్ను తినడం మానింది. తర్వాత పెదాలకు రంగు తిరిగింది. బతుకమ్మ ఆటలో రెండు చుట్లు తిరిగి చప్పట్లు కొట్టి, ఎగపోతతో వచ్చి నాయనమ్మ ఒళ్ళో కూలబడిందట. డాక్టరుగారు మళ్ళీ హైదరాబాద్ మాట ఎత్తలేదు.

అన్ని ఇళ్ళల్లో ఇట్లా జరగలేదు. వరుసలో కూర్చోబెట్టే ముసలమ్మ లేని ఇళ్ళున్నాయి, కూర్చునే తీరిక లేని తల్లులున్నారు. మందే అందక పోయిన పిల్లల మొహాలు ఇప్పటికీ నా కళ్ళముందుకు వస్తుంటాయి, వాటికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. డాక్టరుగారు బదిలీ అయ్యాక వచ్చినాయన, మందు లేని సీసాలు నింపడం దవాఖాన పని కాదన్నాడు. ఆయన అన్నదీ తప్పు కాదు. నేనూ అలసిపోయి ఉన్నాను, సరేనన్నాను.

అందుకని బిడ్డా, నువ్వడిగిన ఉపాయం ఇంతే. మందును మందనే చెప్పు. బువ్వలో కలపకు. చేదుకు పిల్లలు భయపడతారు, నిజమే. కానీ ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుంటే తానొక్కతే నోరు తెరవాలంటే ఇంకా ఎక్కువ భయపడతారు. నువ్వు కిటికీ అవతల ఉంటావు, వాళ్ళ ఇంటికి పోలేవు. కనీసం తల్లికి చెప్పి పంపు, పక్కన ఎవరినన్నా కూర్చోబెట్టుకొమ్మని.

ఆ ఏడు చలికాలం వెళ్ళేటప్పుడు ఎల్లవ్వ భూలక్ష్మిని తీసుకొచ్చింది. ఈసారి చంకనెత్తుకుని కాదు, పిల్లే ముందు నడిచి వచ్చింది. డాక్టరుగారు రెప్ప లాగి చూసి, "బాగుందమ్మా, ఇంక మందు అక్కర్లేదు" అన్నారు. ఎల్లవ్వ ఆయనకు రెండు చేతులా దండం పెట్టింది. పిల్ల మాత్రం సంతోషపడలేదు. నేలచూపులు చూస్తూ నన్నడిగింది.

"మరి రేపటి సంది వాళ్ళు నా పక్కన కూసోరా?"

డాక్టరుగారు కాగితాలు సర్దుకోసాగారు. ఎల్లవ్వ సీసా మెడకున్న ఎర్ర నూలుపోగు విప్పి, సీసా కిటికీలోంచి నా చేతికిచ్చింది.

"ఒక్కసారి నింపు సాబ్" అంది. "అందరికి ఒక్కటే."

సీసా కడిగి, చక్కెర పాకం పోసి, నీళ్ళు కలిపాను. నారింజ వాసన రెండు చుక్కలు ఎక్కువే వేశాను. అలవాటు కొద్దీ కాగితం మడిచి కత్తెర అందుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. ఆ ఒక్క సీసాకు గాట్లు పెట్టలేదు.